తోలు కప్పుకున్న పిల్ల

ఆ ఎండాకాలం మా మజ్రాలో తొమ్మిది అల్పాకాలు ఉండేవి. మజ్రా అంటే ఇక్కడివాళ్ల తోట. రియాద్ దాటి కారులో గంటన్నర పోతే, ఇసుక మధ్యలో గోడ కట్టుకున్న కాస్త జాగా. రెండు వరసల ఖర్జూరపు చెట్లు, ఒక బోరు, నీళ్ల ట్యాంకు, పొడుగాటి రేకుల షెడ్డు, ఒక ఇల్లు. గేటు పక్కన నా గది.

అల్పాకాను చూడనివాళ్లకు ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. ఒంటె జాతిదే, కానీ మూపురం ఉండదు. గొర్రెకంటే ఎత్తు, ఉన్ని గొర్రె ఉన్నికంటే మెత్తన. మెడ పొడుగు, కళ్లు పెద్దవి. కోపమొస్తే ఉమ్ముతుంది. పెద్దగా అరవదు, నోరు మూసుకుని ముక్కుతో సన్నగా మూలుగుతుంది. చలి కొండల మీద బతికే జాతి. దాన్ని తెచ్చి ఈ ఎండల్లో పెంచాలన్నది మా కఫీల్ కోరిక. కఫీల్ అంటే మన వీసాకు పూచీ పడే యజమాని. ఆయన విమానాల మరమ్మతు పనిలో ఉండి రిటైరయ్యాడు. ఎప్పుడో దూరదేశం పోయినప్పుడు ఆ కొండల్లో వీటిని చూసి మనసు పడ్డాడట.

నేను అంతకుముందు రియాద్‌లో ఆరేళ్లు ఏసీ డక్టుల పని చేశాను. కంపెనీలో పని తగ్గి మనుషుల్ని తీసేస్తున్నప్పుడు, ఎవరో చెబితే ఈయన దగ్గరికి వచ్చాను. ఆయన అడిగింది ఒకే ప్రశ్న: "గొర్రెలను కాశావా?" కాశానన్నాను. జగిత్యాల దగ్గర మా ఇంట్లో తాత కాలం నుంచి మంద ఉంది. ఆయన నా చేతులు చూశాడు. ఇకామా మీద, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు మీద, కఫీల్ పేరు మారడానికి రెండు నెలలు పట్టింది.

ఎండాకాలంలో నా రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు పిలుపుతో మొదలయ్యేది. మొదట పేడ ఎత్తడం. అవి మనుషుల కంటే పద్ధతి గలవి, ఒక దొడ్లో ఉన్నవన్నీ ఒకే మూలకు వెళ్లి ఒకే కుప్ప పెడతాయి. తర్వాత నీళ్లు మార్చడం, బర్సీం గడ్డి వేయడం, ఒక్కోదాని పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూడడం. మార్చిలోనే ఉన్ని కత్తిరించేస్తాం కాబట్టి ఎండాకాలంలో అవి చూడ్డానికి మెడలు మాత్రమే మిగిలిన మేకల్లా ఉంటాయి. ఎనిమిదయ్యేసరికి అన్నిటినీ షెడ్డులోకి తోలి కూలర్లు వేసేవాణ్ని. ఆ తర్వాత సాయంత్రం దాకా నా పనంతా పైపుతోనే. పొట్ట మీద, కాళ్ల మధ్య నీళ్లు కొట్టాలి. వీపు తడపకూడదు. తడిస్తే ఉన్ని లోపల ఆవిరి పట్టి వేడి ఇంకా పెరుగుతుంది. ఈ సంగతి నేను మొదటి ఏడాది తప్పు చేసి నేర్చుకున్నాను. నోరు తెరిచి ఊపిరి తీస్తోందా, కింది పెదవి వేలాడుతోందా అని చూస్తూ ఉండాలి. పెదవి వేలాడిందంటే ఆ జంతువు ఇక ఓర్చుకోలేకపోతోందని అర్థం.

ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఉండేవారు. ఒకామె కఫీల్ తల్లి. పట్నంలో మేడ మీద ఉండలేనని ఏడాది పొడుగునా మజ్రాలోనే ఉండేది. ఎనభై దాటి ఉంటాయి. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటికి వెలుతురూ నీడా మాత్రం తెలిసేవి. రెండో మనిషి ఆమెను చూసుకోవడానికి వచ్చిన తెలుగామె, నేను అక్కా అని పిలిచేవాణ్ని. గోదావరి జిల్లా నుంచి వచ్చి పదకొండేళ్లయింది. పెద్దామెను అక్క 'మామా కబీర్' అని పిలిచేది, పెద్ద మేడమ్ అని. అరబీ నాకంటే అక్కకే బాగా వచ్చు. మధ్యాహ్నం అన్నం పళ్లెం తెచ్చి షెడ్డు గుమ్మం దగ్గర పెట్టి, లోపలికి మాత్రం అడుగు పెట్టేది కాదు. ఒకసారి మగ అల్పాకా ఆమె ముఖం మీద ఉమ్మింది. ఆ పచ్చటి పులిసిన గడ్డివాసన రెండు రోజులు పోలేదని చెప్పేది.

అల్పాకాలు ఎండాకాలంలో ఈనకూడదు. అందుకే మగదాన్ని వేరే దొడ్లో ఉంచి, చలికాలంలో ఈనేలా చూసి కలుపుతారు. కానీ అంతకుముందు ఏడాది జూన్‌లో ఒక రోజు మగది ఆడవాటి మధ్య కనబడింది. దొడ్డి గొళ్లెం వేయనిది నేనే. గంటలోపే బయటికి తోలేశాను. అప్పటికే రెండు ఆడవి చూలు కట్టాయని తర్వాత స్కానింగ్‌లో తేలింది. గొళ్లెం సంగతి కఫీల్ అడగలేదు, నేను చెప్పలేదు. దాదాపు పన్నెండు నెలల చూలు. అంటే మళ్లీ జూన్.

ఒకటి తెల్లది, మొదటి ఈత. రెండోది గోధుమరంగుది, వయసు మీద పడినది.

తెల్లది రాత్రి ఎవరూ చూడకుండా ఈనింది. పొద్దున నేను షెడ్డు తలుపు తీసేసరికి పిల్ల కింద పడి ఉంది. ఊపిరి లేదు. ముక్కులోని జిగురు తుడిచి, వెనక కాళ్లు పట్టుకుని వేలాడదీసి, ఛాతీ రుద్దాను. చల్లబడిపోయింది. తెల్లది నా భుజం పక్కన నిలబడి ఆ సన్నటి మూలుగు తీస్తోంది. పిల్లను గోనెసంచిలో పెట్టి తీసుకుపోతుంటే షెడ్డు తలుపు దాకా నా వెనకే వచ్చింది. కుక్కలు తవ్వకుండా మూడో ఖర్జూరం వెనక మోకాలి లోతు తవ్వి పూడ్చాను. తిరిగొచ్చి పేడ ఎత్తాను. అది రోజూ చేసే పని కాబట్టి చేశాను.

అదే రోజు పది గంటలకు గోధుమరంగుది అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. నేను ఒక కూలర్ దాని వైపు తిప్పాను. పదకొండున్నరకు పిల్ల పడింది. ఆడపిల్ల, చాక్లెట్ రంగు, చెవులు వెనక్కి మడిచి ఉన్నాయి. గంట తిరగకుండానే నాలుగు కాళ్ల మీద నిలబడింది. నాకు సంతోషమేసింది. కానీ తల్లి లేవలేదు. మాయ పడలేదు. కింద రక్తం ఆగడం లేదు. కఫీల్‌కు ఫోన్ చేస్తే ఆయన రియాద్‌లో ఉన్నాడు, బయల్దేరుతున్నానన్నాడు. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, ఈజిప్టు ఆయన, ఎక్కడో ఒంటెల దగ్గర ఉన్నాడు, అసర్ నమాజు, అంటే మూడున్నర, దాటాక గానీ రాలేనన్నాడు. చేయాల్సింది చెప్పాడు, చేశాను. పొట్ట తడుపుతూ కూర్చున్నాను. దాని కింది పెదవి వేలాడింది. రెండు గంటలకు ప్రాణం పోయింది. చూపు ఎటూ తిప్పలేదు, తల గడ్డి మీద పెట్టేసింది, అంతే.

డాక్టరు నాలుగు దాటాక వచ్చాడు. కఫీల్ అప్పటికే వచ్చి షెడ్డు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గర్భసంచి చిరిగి ఉంటుంది, మిగతాది ఎండ చేసింది అన్నాడు డాక్టరు. పిల్లకు పాలపొడి, సీసా ఇచ్చాడు. రబ్బరు పీక నోట్లో పెడితే పిల్ల తల తిప్పేసింది. సూదిలేని సిరంజితో పోస్తే సగం పక్కనుంచి కారిపోయింది.

"ఈ రోజు ముర్రుపాలు పడకపోతే కష్టం" అన్నాడు డాక్టరు.

తెల్లదానికి పొద్దున్నే పిల్ల చచ్చిపోయింది, పొదుగు నిండి ఉంది. పిల్లను ఎత్తుకుపోయి దాని పక్కన పెట్టాను. అది మెడ వంచి పిల్ల తోక కింద వాసన చూసింది. వెంటనే ఉమ్మి, ముందు కాలితో తోసేసింది. రెండోసారి కూడా అంతే. పట్టుకుని పాలు పిండుదామంటే నాలుగు కాళ్లూ మడిచి కూర్చుండిపోయింది. గిన్నెలో రెండు చెంచాలకు మించి పడలేదు.

"వేరే పిల్లను ఇవి దగ్గరికి రానివ్వవు. సీసాతోనే ప్రయత్నించండి" అని డాక్టరు వెళ్లిపోయాడు. ఆయన కోసం ఇంకో మజ్రాలో ఎదురుచూస్తున్నారు.

అప్పుడు అక్క నా అన్నం పళ్లెం కోసం వచ్చింది. అన్నం అలాగే ఉంది. గుమ్మంలోంచి లోపలికి చూసి, "అయ్యో, ఇదేంటి తమ్ముడూ, తల్లి పోయిందా?" అంది. విషయం చెప్పాను. పళ్లెం అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. పావుగంటలో పెద్దామెను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది.

పెద్దామె ఎప్పుడూ షెడ్డుకు వచ్చింది లేదు. కొడుకు తెచ్చిన ఈ జంతువులంటే ఆమెకు లెక్కలేదు. అవి పొట్టకూ కావు, ప్రయాణానికీ కావు అనేదట. ఆ రోజు లోపలికి వచ్చి, కూలర్ మోతలో కాసేపు నిలబడి, చెవి ఒగ్గి తెల్లదాని మూలుగు విన్నది. తర్వాత అక్కతో ఏదో అడిగింది.

"చచ్చిన పిల్ల ఎక్కడుందని అడుగుతుంది" అంది అక్క.

"పొద్దుగాలనే బొంద పెట్టిన అక్కా."

అక్క చెప్పింది. పెద్దామె చేత్తో నేల మీద తవ్వుతున్నట్టు చూపించింది.

"తవ్వి తియ్యమంటంది తమ్ముడూ. తోలు ఒలవాలంట. ఒలిచి ఈ పిల్లకి కప్పాలంట. వీళ్ల ఒంటెలకి ఇలాగే చేసేవోరంట."

నాకు అది తెలియని సంగతి కాదు. మా ఇంట్లో ఒకసారి దూడ చచ్చిపోతే, అమ్మ దాని తోలులో వరిగడ్డి కూరించి, నాలుగు కర్రలు గుచ్చి బర్రె ముందు నిలబెట్టింది. బర్రె దాన్ని నాకుతూ చేపింది. అమ్మ పాలు పిండింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ పాలు తాగనని రెండు రోజులు మొండికేశాను. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. మూడో రోజు మామూలుగానే గ్లాసు నా ముందు పెట్టింది, తాగాను.

కఫీల్ మాత్రం నవ్వాడు. నవ్వంటే, విసుగుతో వచ్చిన నవ్వు. "అమ్మా, ఇవి ఒంటెలు కావు. సముద్రాలవతల నుంచి వచ్చినవి" అన్నాడు.

పెద్దామె కొడుకు వైపు తిరిగి నాలుగు ముక్కలు అంది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఏమన్నది?" అని అక్కను అడిగాను.

"దానికి పొదుగుందా లేదా, ముక్కుందా లేదా, అంది. ఇంకేం కావాలంట." అక్క పైటకొంగులాగా భుజం మీద వేసుకున్న తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "నీకు చేతనవుద్దా తమ్ముడూ?"

"చేతనైతది. మేం గొర్లోళ్లమే గద."

పార తీసుకుని ఖర్జూరాల వెనక్కి వెళ్లాను. కఫీల్ నా వెంట వచ్చాడు, కానీ నాలుగడుగుల దూరంలో ఆగి అటు తిరిగి నిలబడ్డాడు. లోపలి ఇసుక అంత వేడిగా లేదు. గోనెసంచి విప్పితే వాసన మొదలైంది, ఇంకా ముదరలేదు. కత్తి మంచిదే. గొర్రెపిల్లల తోలు ఒలిచి నాకు పదిహేనేళ్లు దాటింది. అయినా చేతులు మరిచిపోలేదు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నేను ఏమీ ఆలోచించలేదు. అయిపోయాక, బోరు దగ్గర చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. మిగిలిన దేహాన్ని మళ్లీ అక్కడే పూడ్చాను.

పెద్దామె ఉప్పు తెప్పించింది. తోలు లోపలి వైపు ఉప్పు రాయమంది. కాళ్ల దగ్గర నాలుగు కంతలు కోసి, చాక్లెట్ రంగు పిల్లకు చొక్కా తొడిగినట్టు తొడిగాను. పొట్ట కింద గాజుగుడ్డతో కట్టాను. తోక మీద తోక వచ్చేలా సర్దమని పెద్దామె రెండుసార్లు చెప్పింది, వాసన చూసేది అక్కడే కాబట్టి. తర్వాత తన తల మీది నల్ల గుడ్డల్లో పైది తీసి ఇచ్చింది, తెల్లదాని కళ్లకు కట్టమని. లోపల ఇంకో గుడ్డ ఉన్నా, అక్క గబగబా తన తువ్వాలు తీసి ఆమె తల చుట్టూ కప్పింది.

కఫీల్ మెడ పట్టుకున్నాడు. నేను పిల్లను తెల్లదాని కిందికి నెట్టాను. పిల్లకు రొమ్ము ఎక్కడుందో తెలియదు, ముందు కాళ్ల మధ్య వెతుకుతోంది. మూతి పట్టుకుని తెచ్చి పెట్టాను. ఒకటి జారింది. రెండోది దొరికింది. తెల్లది వెనక కాలు ఎత్తింది. నేను తన్నుతుందనుకున్నాను. ఎత్తిన కాలు గాలిలో కాసేపు ఉంచి, మళ్లీ కింద పెట్టింది.

పిల్ల గొంతు కదిలింది. తోక పైకి లేచింది.

"తాగుతోందా?" అని పెద్దామె అరబీలో అడిగింది. ఆ మాట నాకు అర్థమైంది. తాగుతోందని నేనే చెప్పాను.

ఒక్కసారికే అంతా సర్దుకుందని చెబితే అబద్ధం. కళ్లకు గుడ్డ విప్పగానే తెల్లది పిల్ల తోక దగ్గర వాసన చూసింది, తల ఎత్తింది, మళ్లీ చూసింది. ఉమ్మలేదు, అలాగని దగ్గరికీ తీయలేదు. ఆ రాత్రీ మర్నాడూ రెండు మూడు గంటలకోసారి నేను పట్టుకుంటేనే ఇచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం నా మోచేతి మీద తన్నింది. ఇప్పటికీ చలికాలంలో అక్కడ నొప్పి తెలుస్తుంది. మూడో రోజు పొద్దున నేను పైపు కోసం బయటికి వెళ్లి వచ్చేసరికి పిల్ల దాని కింద ఉంది. ఎవరూ పట్టుకోలేదు. తెల్లది మెడ వెనక్కి తిప్పి ఆ తోలు మీద మూతి ఆనించి నిలబడి ఉంది.

పెద్దామె ఆ రోజుల్లో రోజూ వచ్చేది. షెడ్డు గుమ్మం లోపల, కూలర్ గాలి తగిలేచోట ప్లాస్టిక్ కుర్చీ వేసేవాణ్ని. ఆమె కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆమె పక్కన ఉండాలి కాబట్టి అక్క కూడా లోపలికి రావలసి వచ్చింది. మొదటి రోజు కుర్చీ వెనక దాక్కున్నట్టు నిలబడింది. నాలుగో రోజుకు గడ్డి వేసింది.

"ఏం చేస్తోంది?" అని పెద్దామె అడిగేది.

అక్క చూసి చెప్పేది. పడుకుంది. లేచింది. తాగుతోంది. నీళ్లలో కాళ్లు పెట్టింది.

ఒక రోజు పెద్దామె చాలాసేపు మాట్లాడింది. అక్క మధ్యలో ఆపకుండా విని, తర్వాత నాకు చెప్పింది.

"ఈవిడ పుట్టగానే వాళ్లమ్మ చచ్చిపోయిందంట తమ్ముడూ. పక్క గుడారంలో ఆవిడెవరో పాలిచ్చి పెంచిందంట. ఆవిడకప్పుడే బిడ్డ పోయిందంట. అందుకని ఆవిడ కొడుకులు ఈవిడకి అన్నదమ్ముల కిందే లెక్కంట. పెళ్లి కూడా చేసుకోకూడదంట వాళ్లని. వాళ్లలో ఒకాయన ఈవిడకి నచ్చాడంట కూడా!" అని అక్క నోరు మూసుకుని నవ్వింది.

పెద్దామెకు అక్క ఏం చెప్పిందో తెలిసిపోయింది. కర్రతో అక్క కాలి మీద చిన్నగా తట్టింది. ఆమె కూడా నవ్వుతోంది.

నాకు అప్పటిదాకా ఉన్న ఒక చిన్న ఇబ్బంది గురించి ఆమెను అడగాలనిపించింది. తల్లిని మోసం చేస్తున్నాం కదా అని. అక్కతో అడిగించాను. పెద్దామె కర్రను ఒళ్లో సర్దుకుంది. "దానికి తెలుసు" అంది.

నాలుగో రోజుకు తోలు కంపు కొట్టడం మొదలైంది. ఈగలు. పెద్దామె చెప్పినట్టు ఒక్కసారిగా తీయకుండా కొంచెం కొంచెంగా కోశాను. మొదట మెడ వైపు, తర్వాత పక్కలు. ఆరో రోజుకు తోక చుట్టూ అరచేయంత ముక్క మిగిలింది. ఏడో రోజు అది కూడా తీసేసి పిల్లను వదిలాను. తెల్లది వాసన చూసింది. చెవులు వెనక్కి పెట్టింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న కఫీల్ ఒక అడుగు ముందుకు వేశాడు. పిల్ల ఇవేవీ పట్టించుకోకుండా పొట్ట కిందికి దూరింది. తెల్లది చెవులు మామూలుగా పెట్టుకుని గడ్డి నమలడం మొదలుపెట్టింది.

కఫీల్ ఇంట్లోకి వెళ్లి తల్లి నుదుటి మీద ముద్దు పెట్టాడని అక్క చెప్పింది. ఆ వారంలోనే దొడ్డికి కొత్త గొళ్లెం తెచ్చాడు, తనంతట తానే మూసుకునేది. స్క్రూలు నా చేతికిచ్చి బిగించమన్నాడు. ఆయనకు తెలుసనుకుంటాను. బిగించాను.

జూలై, ఆగస్టు ఎప్పటిలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోతే జనరేటర్ ఎక్కేదాకా నేను, అక్క చెరో పైపు పట్టుకుని పొట్టలు తడిపాం. అక్క చీదరించుకుంటూనే బాగా తడిపింది. మగది ఆమె వైపు మెడ చాపితే, "నువ్వు గానీ ఉమ్మావా, చూడు!" అని తెలుగులోనే బెదిరించింది. పిల్ల బరువు పెరిగింది. సాయంత్రం ఎండ తగ్గాక గోడ వెంబడి ఒంటరిగా పరుగెత్తేది, తెల్లది చూస్తూ నిలబడేది.

సెప్టెంబరు చివర పెద్దామెను కంటి వైద్యం కోసం రియాద్ తీసుకెళ్లారు. అక్క కూడా వెళ్లింది. వెళ్లేముందు పిల్లను కారు దగ్గరికి తెమ్మన్నారు. పెద్దామె దాని మెడ, వీపు, తోక తడిమి చూసింది. పక్కటెముకల మీద నేను పెట్టినట్టే చెయ్యి పెట్టి, సరిపోయిందన్నట్టు తల ఊపింది. వైద్యం అయ్యాక మోకాళ్ల నొప్పి ఎక్కువై ఆమె పట్నంలోనే ఉండిపోయింది.

డిసెంబరులో పిల్లకు ఆరు నెలలు నిండాయి. ఆ వయసులో తల్లి పాలు మాన్పించాలి. ఆ పని కూడా నాదే. ఒక పొద్దున పిల్లను తీసుకుపోయి కంచెకు అవతలి దొడ్లో వేశాను. తెల్లది రెండు రోజులు కంచె పక్కన నిలబడి మూలిగింది. మేత సగం వదిలేసింది. మూడో రోజు మామూలుగా మిగతా వాటితో వెళ్లి మేసింది.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. సంగతి చెప్పాను. అక్క పక్కనున్న పెద్దామెకు చెప్పింది. అటునుంచి ఏదో మాట వినబడింది.

"ఏమంటున్నది అక్కా?"

"అక్కడ వాన పడిందా అని అడుగుతుంది తమ్ముడూ. పడితే పచ్చిక మొలుస్తుందంట, పిల్లకి మేతంట."

నిన్న కొంచెం పడిందని చెప్పాను.